రేవుకోట స్తంభాలకు మేకులు

ఆదోని,
2 డిసెంబరు 2024.

చిరంజీవి వీణకు,

మీ మేనత్త పుల్లమ్మ రాసేది. ప్రతిసారీ ముందు రాసే దీవెనలు ఈసారి రాయలేదు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మొన్న శనివారం మేం రేవుకోటకు వచ్చాం. నీకు చెప్పకుండానే బయల్దేరాం. నువ్వు పనిచేసే కోటలోనే ఎదురుగా నిలబడి నిన్ను ఆశ్చర్యపరచాలని నా సరదా. ప్రతి శనివారం ఆదోని కొండకోట ఎక్కే ఆడవాళ్లం పన్నెండుమందిమి, తోడుగా మీ తమ్ముడు దినేష్. గుంతకల్లులో రైలు మారి, చీరాలలో దిగి, రెండు ఆటోల్లో సముద్రం ఒడ్డుకు చేరేసరికి పదకొండయింది. దారి పొడుగునా వాళ్లకు నువ్వు చదివిన శాసనం గురించే చెప్పాను. పడమటి సీమ నుంచి ఎద్దుల మీద వచ్చిన బట్టల మూటలకు ఆ రేవులో సుంకం తీసుకున్నారని, ఆ సంగతి మండపం స్తంభం మీద చెక్కి ఉందని, దాన్ని చదివింది మా మగ్గాల ఇంటి పిల్లేనని. ఎంత గర్వంగా చెప్పానో నా పక్కనే కూర్చున్న దేవమ్మను అడుగు.

తలుపుకు గొలుసు, గొలుసుకు తాళం. లోపల పెద్ద పెద్ద దీపాలు, పూల తెరలు. పెళ్లి కాబోయే జంట ఒకటి మండపం మెట్ల మీద ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. పైన ఒక యంత్రం ఈగలా తిరుగుతోంది. గేటు దగ్గర నల్లకళ్లద్దాలవాడు, "ఇయాల లోపలికి పంపమండీ, షూటింగు" అన్నాడు. నాకు వినబడనివి దినేష్ చెవిలో అరిచి చెబుతున్నాడు. ఇది ప్రభుత్వ కట్టడం, ఇవాళ సెలవు కూడా కాదు, ఎవరు మూయమన్నారని అడిగాను. "ఇక్కడి మేడమే రాసిచ్చారండీ" అని రెండు కాగితాలు నా మొహం ముందు ఆడించాడు. రెండో దాని కింద నీ సంతకం!

నీ సంతకం నాకు తెలియదా వీణా? నీ చేత అక్షరాలు దిద్దించింది నేను. 'ణ' తోకను పైకి తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పినా తిప్పుతావు. అక్కడా తిప్పావు.

కటకటాల్లోంచి చూస్తే స్తంభాలకు మేకులు కొట్టి దీపాలు వేలాడదీశారు. రాతికి మేకులు! "నాయనా, అది ఎనిమిది వందల ఏళ్ల నాటిది" అన్నాను. "రాళ్లే కదా మామ్మగారూ" అని నవ్వాడు. నేను గేటు ముందే ఇసకలో కూర్చున్నాను. నన్ను చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు. "ఇంత దూరం వచ్చి గోడ జూసి పోవాల్నా?" అని దేవమ్మ అరిచిన అరుపు నాకు కూడా వినిపించింది. మూడు గంటలు కూర్చున్నాం. ఎవరో విలేఖరి వచ్చి ఫోటో తీసుకున్నాడు. ఎండకు దేవమ్మకు కళ్లు తిరిగాయి. ఇంక లేచి వచ్చేశాం.

ఇంటికి రాగానే కలెక్టరుకు ఫిర్యాదు రాశాను. కోటను కాపాడాల్సిన ఉద్యోగే దాన్ని అద్దెకిచ్చిందని, ఆమె పేరు వీణ అని, ఆమె నా మేనకోడలని కూడా రాశాను. దాచడం నాకు చేతకాదు.

ఫోన్ చేయొద్దు. నా చెవుల సంగతి తెలిసిందే, నువ్వు మాట్లాడేది నాకు హోరులా ఉంటుంది. చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే రాయి.

పుల్లమ్మ


రేవుకోట,
9 డిసెంబరు 2024.

అత్తకు,

వీణ నమస్కారాలు. నువ్వు దీవెనలు మానేసినా నేను నమస్కారాలు మానలేదు.

ఒక్క ముక్క. ఒకే ఒక్క ముక్క ముందు నన్ను అడిగి ఉంటే ఏమయ్యేది? ఉత్తరం నాకు గురువారం అందింది. నీ ఫిర్యాదు అంతకంటే ముందే మా ఆఫీసుకు చేరింది. మీరంతా ఇసకలో కూర్చున్న ఫోటో జిల్లా పేపర్లో పడింది. "మేనకోడలి నిర్వాకంపై మేనత్త ధర్నా" అని పైన పెద్ద అక్షరాలు. మా పై అధికారి ఆ పేపరు నా బల్ల మీద పరిచి, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని నోటీసు చేతిలో పెట్టాడు.

నేను కోటను ఎవరికీ ఇవ్వలేదు. పక్కనున్న రిసార్టు వాళ్లు గోడ బయట సముద్రం ఒడ్డున ఫోటోలు తీసుకుంటామని అడిగారు. అక్కడ ఎవరైనా తీసుకోవచ్చు. అయినా కోట ఆవరణలో అడుగు పెట్టకూడదని షరతు పెట్టి రాసిచ్చాను. ఆ శనివారం నేను ఇక్కడ లేను. ఆఫీసు పని ఉందని గుంటూరు పంపించారు. తిరిగొచ్చేసరికి స్తంభాలు అలా ఉన్నాయి. ఆ రోజు కాపలాదారు ఆంజనేయులు బాబాయి దగ్గర తాళంచెవులు లాక్కున్నారట. "పైనుంచి చెప్పారన్నారమ్మా, నేనేం చెయ్యగలను?" అని ముసలాయన ఏడ్చాడు.

నువ్వు గేటు ముందు కూర్చున్నావని మొదట విన్నప్పుడు మా అత్త అంటే ఇదీ అనుకున్నాను. ఆ తర్వాత నీ ఫిర్యాదు చదివాను. "ఆమె నా మేనకోడలు" అనే వాక్యం కింద మా అధికారి ఎర్ర సిరాతో గీత గీశాడు. సొంత మనుషులే చెబుతున్నారంటే నిజం కాక ఏమవుతుంది అన్నాడు.

నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమని నీకు తెలుసు. ఫిబ్రవరిలో పొడిగించాలి. ఆ ఫిర్యాదులోంచి నా పేరు తీసేయించు. మిగతాదంతా ఉంచు. అది నిజం.

నీ మేనకోడలు
వీణ


ఆదోని,
16 డిసెంబరు 2024.

చిరంజీవి వీణకు,

నీ జవాబు రెండుసార్లు చదివాను. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాను. తప్పు చేసిన పిల్లలంతా మొదట చెప్పే మాట, "ఆ రోజు నేను లేను టీచర్."

ఆఫీసు పని మీద గుంటూరు పోయానన్నావు. అదే శనివారం నువ్వు పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, చేతిలో గులాబీల గుత్తితో దిగిన ఫోటో దినేష్ నాకు చూపించాడు. నీ స్నేహితురాలు ఎవరో తన ఫోన్లో పెట్టిందట. ఏ ఆఫీసు పనికి అంత ముస్తాబు కావాలి? పెళ్లికి పోయి ఉంటే పెళ్లికి పోయానని రాయి. నేను తినేస్తానా?

షరతు పెట్టానన్నావు. వాడు చూపించిన కాగితం మీద నాకు ఏ షరతూ కనబడలేదు. ఆ రెండు కాగితాలనూ అప్పుడే దినేష్ చేత ఫోటో తీయించాను. సాక్ష్యం లేకుండా నేను ఎవరి మీదా రాయను. నీ పేరు తీయించను.

ఈ శనివారం కూడా కొండకోట ఎక్కాను. పోయిన వానలకు మెట్ల మీద రాళ్లు కదిలాయి, ఎవరికీ పట్టలేదు. పై బురుజు మీద ఎవడో ఎర్ర రంగుతో గుండె బొమ్మ గీసి రెండు పేర్లు రాశాడు. మేం కిరోసిను, గోనెగుడ్డ పట్టుకుపోయి రుద్దాం. పేర్లు పోయాయి, గుండె పోలేదు. రాయి నుంచి రంగు తీయడం ఎంత కష్టమో రుద్దిన చేతులకే తెలుస్తుంది. అందుకే నాకు అంత కోపం వచ్చింది. నువ్వు నా మనిషివి కావడం వల్ల ఆ కోపం రెట్టింపయింది గాని తగ్గలేదు.

మీ నాయన నాతో మాట్లాడడం లేదు. నిన్న ఎమ్మిగనూరు పోతే మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తలేదు. నేను లేచి వచ్చేముందు మాత్రం నాకు వినబడేట్టు గట్టిగా, "నా బిడ్డ పొట్ట కొట్టినావు గదక్కా. యాడన్నా ఉందా ఇది?" అన్నాడు. సిద్ధప్ప నా తమ్ముడు. నేను ఎత్తుకుని పెంచినవాడు. నాకు కష్టంగానే ఉంది.

అయినా నేను రాసినది మార్చను.

పుల్లమ్మ


రేవుకోట,
24 డిసెంబరు 2024.

గౌరవనీయులైన పుల్లమ్మ టీచర్ గారికి,

మీ ఉత్తరం అందింది.

నిన్నటి నుంచి నన్ను విధుల్లోంచి పక్కన పెట్టారు. జనవరి ఎనిమిదిన జిల్లా ఆఫీసులో విచారణ. ఫిర్యాదుదారుగా మీకు కూడా పిలుపు వస్తుంది. మీరు కోరుకున్నది జరుగుతోంది.

మీరు అడిగినదానికి సమాధానం చెప్పడం నా బాధ్యత కనుక చెబుతున్నాను. ఆ శనివారం గుంటూరులో మా శాఖ ప్రదర్శన పెట్టింది. వచ్చే పెద్దలకు పూలగుత్తులు అందించడానికి నన్ను పిలిపించారు. చరిత్రలో ఎం.ఏ. చేసి, శాసనాలు చదవడం నేర్చుకున్న మనిషిని, చీర కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వమన్నారు. ఎదురు చెబితే ఉద్యోగం ఉండదని పోయాను. మీరు పట్టుచీర అన్నది నాయన నేసి ఇచ్చినది. నేను ఎవరి పెళ్లికీ పోలేదు. నన్ను కావాలనే ఆ రోజు పంపించారని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఈ రెండేళ్లలో ఆ రిసార్టు మీద నేను మూడు ఫిర్యాదులు రాశాను. ఒకసారి గోడ రాళ్లు పీకి వాళ్ల తోట అంచుకు పేర్చుకున్నారు. ఇంకోసారి మండపంలో వంట చేశారు. మూడింటికీ జవాబు లేదు. మీ ఒక్క ఫిర్యాదుకు మాత్రం నాలుగు రోజుల్లో కదలిక వచ్చింది. ఎందుకంటే అందులో నా పేరుంది. వాళ్లకు కావలసింది అదే.

మేకుల రంధ్రాలు లెక్కపెట్టాను, పద్నాలుగు. అందులో ఒకటి శాసనం మీద పడింది. మూడో వరుసలో 'పడమటి' అన్న మాట సగం ఊడిపోయింది. ఆ పెచ్చు ముక్కల కోసం ఆంజనేయులు బాబాయి, నేను ఒక పొద్దంతా ఇసక జల్లెడ పట్టాం. రెండు దొరికాయి. అక్షరం మాత్రం లేదు.

మీరు నన్ను నమ్మకపోవడం కంటే, నేను అబద్ధం ఆడుతున్నానని మూడో తరగతి పిల్లలతో పోల్చడం నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. ఇక నాకు రాయవద్దు. ఎనిమిదో తారీఖున కలుస్తాం.

ఇట్లు
వీణ, ఎమ్మిగనూరు సిద్ధప్ప కూతురు


ఆదోని,
30 డిసెంబరు 2024.

వీణా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. నన్ను "మీరు" అన్నావు. నీ ఇరవై ఏడేళ్లలో నన్ను మీరు అనలేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయి చాలాసేపు మిగతాది చదవలేదు.

తర్వాత దినేష్‌ను పిలిచి ఆ కాగితాల ఫోటో పెద్దది చేయించి, కాగితం మీద తీయించుకుని వచ్చాను. భూతద్దం పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను.

మొదటి కాగితం ఇంగ్లీషు. రెండోది తెలుగు. ఒకటే ఉత్తరం సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో ఎవరు రాస్తారు? నువ్వు ఆఫీసు కాగితం ఏదైనా తెలుగులోనే రాస్తావని, దానికే ఒకసారి మాట కూడా పడ్డావని నాకు తెలుసు. నువ్వే చెప్పావు. ఇంగ్లీషు కాగితం పూర్తి వాక్యంతో ముగిసింది. తెలుగు కాగితం మొదలు ఎలా ఉందో తెలుసా? "కూడదు. ఈ షరతుకు ఒప్పుకుంటేనే అనుమతి." ఆ కింద నీ సంతకం.

"కూడదు" అని ఎవరైనా వాక్యం మొదలుపెడతారా? దాని ముందు ఉండాల్సిన "అడుగు పెట్ట" నువ్వు రాసిన అసలు మొదటి కాగితంలో ఉంది. దాన్ని తీసి పారేసి, వాళ్లకు కావలసింది టైపు కొట్టుకుని పైన పెట్టారు. వ్యాసంలో ఒక విభక్తి తప్పిపోతే ఎర్ర గీత పెట్టే నేను, ఆ గేటు ముందు సంతకం ఒక్కటే చూశాను. నా కోపానికి ఆ సంతకం చాలింది.

ఆ తర్వాత ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వాళ్ల మీద ఉంది. నీ చేత పూలగుత్తులు మోయించినవాళ్ల మీద ఉంది. అన్నిటికంటే నా మీద ఎక్కువ ఉంది.

ఫోటో కాపీలు నాలుగు తీయించాను. ఒకటి కలెక్టరుకు పంపాను, నా ఫిర్యాదులో నీ మీద రాసినది తప్పని ఉత్తరం జతపరిచి. ఒకటి ఇందులో పెట్టాను. ఎనిమిదో తారీఖుకు ఒక్కదాన్నే వస్తున్నాను. వినికిడి యంత్రం ఒకటి కొన్నాను, అది పెట్టుకుంటే ఫ్యాను తిరగడం మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తుంది, మనుషులు వినిపించరు. అందుకని ప్రశ్నలు కాగితం మీద రాసి ఇమ్మంటాను.

నిన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగను. అక్కడ అందరి ముందూ నా తప్పు చెప్పాక అడుగుతాను.

పుల్లత్త


రేవుకోట,
20 జనవరి 2025.

అత్తా,

నువ్వు రైలెక్కి పోయి పన్నెండు రోజులయింది. ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ రోజు గదిలో నీకు వినిపించనివి ముందు చెబుతాను. నువ్వు లేచి నిలబడి, "ఈ అమ్మాయి మీద ఫిర్యాదు రాసింది నేనే, చూడకుండా రాశాను, తప్పు నాది" అన్నప్పుడు వెనక కుర్చీల్లో రిసార్టు మనిషి, "ముసలామెను కొన్నారు" అన్నాడు. నువ్వు వినలేదు గనక అదే గొంతుతో మాట్లాడుతూ పోయావు. విచారణ అధికారి ఇంక చాలమ్మా, కూర్చోండి అని మూడుసార్లు అన్నాడు. అదీ వినలేదు. ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, "కూడదు అని వాక్యం మొదలవుతుందా సార్? మీరు ఏ బడిలో చదివారు?" అని అడిగావు. గుమాస్తాలు నవ్వు ఆపుకోలేక బయటికి పోయారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అప్పటికి పదిహేను రోజులుగా నా పక్షాన ఒక్క మనిషి కూడా మాట్లాడలేదు.

శుక్రవారం తీర్పు చెప్పారు. నా మీద ఆరోపణ నిలబడలేదని, నన్ను మళ్లీ విధుల్లోకి తీసుకుంటున్నామని. సంతోషంగా కాగితం అందుకున్నాను. దాంతోపాటు ఇంకో కాగితం ఇచ్చారు, తనిఖీ నివేదిక. కోట పర్యవేక్షకురాలిగా నేను దాని మీద సంతకం చేయాలి. అందులో ఏముందో తెలుసా? "మండపం స్తంభాలపై గల పద్నాలుగు రంధ్రాలు ఉప్పుగాలి వల్ల సహజంగా ఏర్పడినవి."

ఉప్పుగాలి! అన్నీ ఒకే లావు, ఒకే ఎత్తు, రెండేసి వరసగా! ఒకదాంట్లో ఇనుప మేకు ముక్క విరిగి ఇంకా అలాగే ఉంది. దాన్ని చూపించాను. మా పై అధికారి తల వంచుకుని, "మీ సంగతి తేలిపోయింది కదా, రాళ్ల సంగతి మీకెందుకు? సంతకం పెట్టండి, ఫిబ్రవరిలో పొడిగింపు నేను చూసుకుంటాను" అన్నాడు. ఆయన కూడా భయపడుతున్నాడని నాకు అర్థమయింది. దానివల్ల నా కోపం తగ్గలేదు. రాళ్ల సంగతి చూడడానికే కదా నాకు జీతం ఇస్తున్నారు?

సంతకం పెట్టలేదత్తా.

శనివారం నన్ను తీసేశారు. పొడిగింపు లేదన్నారు. ఆంజనేయులు బాబాయికి తాళంచెవులు అప్పజెప్పి బయటికొచ్చాను. ఆదివారం పొద్దున్నే మామూలు మనిషిలా టికెట్ కొనుక్కుని మళ్లీ లోపలికి పోయాను. బాబాయి టికెట్ చింపుతూ, "మీకు టికెట్టేంటమ్మా" అన్నాడు. "కావాలి బాబాయ్, అది ఉంటే నన్ను ఎవడూ బయటికి పొమ్మనలేడు" అన్నాను. పద్నాలుగు రంధ్రాలకూ పక్కన కొలబద్ద పెట్టి ఫోటోలు తీశాను. హైకోర్టులో కేసు వేయడానికి చీరాలలో ఒక లాయరమ్మ ఒప్పుకుంది. మూడు పాత ఫిర్యాదుల నకళ్లు నా దగ్గరే ఉన్నాయి.

ఇంత ధైర్యంగా రాస్తున్నాను గాని, ఒక్క పని నాకు చేతకావడం లేదు. ఉద్యోగం పోయిందని నాయనకు చెప్పలేదు. నన్ను పక్కన పెట్టినప్పుడే ఆయన అన్నం మానేశాడని దినేష్ చెప్పాడు. నేనే వదులుకున్నానని తెలిస్తే ఏమంటాడో. నువ్వు వెళ్లి చెప్పగలవా? ఆయన నీతో మాట్లాడుతున్నాడో లేదో కూడా తెలియదు.

నీ మీద కోపం పోయిందా అని నువ్వు స్టేషనులో అడిగావు. రైలు కూతలో నేను చెప్పింది నీకు వినిపించలేదు. కొంచెం ఉంది అన్నాను. ఇప్పటికీ కొంచెం ఉంది. ఉండనీ.

నీ
వీణ


ఆదోని,
27 జనవరి 2025.

చిరంజీవి వీణకు,

అత్త దీవెనలు. కోపం ఉండనీ. ఉండాలి.

నీ ఉత్తరం అందిన రోజే ఎమ్మిగనూరు బస్సెక్కాను. జాతర జనం ఇంకా తగ్గలేదు, బస్సులో నిలబడే పోయాను. మీ నాయన మగ్గం మీద ఉన్నాడు. నన్ను చూసి కూడా నేత ఆపలేదు. నేను గుంట పక్కన నేల మీద కూర్చుని నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. దినేష్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. రంధ్రాల దగ్గర మీ నాయన కాలు ఆగింది. సంతకం దగ్గర చేయి ఆగింది. అన్నం మాట దగ్గర మాత్రం "వాడొగడు, అన్నీ సెప్తాడు" అని దినేష్‌ను గట్టిగా తిట్టాడు.

చదవడం అయిపోయాక నేను భయపడుతూనే అన్నాను, "ఉద్యోగం పోయింది సిద్ధప్పా. ఇందులో మొదటి తప్పు నాది. పిల్లను ఏమీ అనొద్దు."

వాడు నా చెవి దగ్గరికి వంగి, నాకు వినిపించేట్టు అరిచాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అనేదానికి ఏముందక్కా? ఆ కాయితం మీద సంతకం బెట్టి ఇంటికొచ్చింటే అప్పుడు అందును. తప్పు పోగు పడితే గుడ్డ ఇప్పుకోని మళ్లీ నేస్తాం గానీ, బాగుందని సెప్పి అమ్ముతామా? నా బిడ్డ సరిగ్గా జేసింది. కోర్టుకు పోతాండాది గదా, ఆడ ఒగతే నిలబడుకోవాల్నా? నేనూ వస్తా. నువ్వూ రా. ఆ మేకులు కొట్టినోళ్ల మొగాలు జూడాల."

తర్వాత మగ్గం దిగి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి పోయి అన్నం పెట్టమన్నాడు. నెలన్నర తర్వాత నా పక్కన కూర్చుని తిన్నాడు.

పుల్లత్త